ఇంటిపేరుకు గడి లేని జాబితా

దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీల్లోని తెలుగు మునిమనవలు ఓడ రికార్డుల్లో తమ ఊళ్ళను వెతుక్కుంటున్నారు. ఆ కాగితాల్లో చాలావాటిని ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. వాటిని చదివి చెప్పగల తెలుగు మాత్రం ఈ ఒడ్డునే ఉంది.

మనిషికి ఒక వరస. అందులో ముందు నంబరు, ఆ తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. పదో తరగతి సర్టిఫికెట్టు కోసం మనందరం రెండు పుట్టుమచ్చలు చూపించి రాయించుకున్నవాళ్ళమే. నూటయాభై ఏళ్ళ కిందట చెరుకు తోటల కూలికి మద్రాసులో ఓడ ఎక్కబోతున్న మనిషిని కూడా అలాగే నిలబెట్టి, మచ్చలు చూసి, ఎత్తు కొలిచి, తండ్రి ఎవరో, ఊరేదో అడిగి రాసుకున్నారు. ఇంటిపేరు మాత్రం అడగలేదు. ఆ జాబితాలో దానికి గడి లేదు.

ఆ ఒక్క గడి లేకపోవడం వల్ల ఏం జరిగిందో ఇవాళ డర్బన్‌లో ఏ తెలుగు కుటుంబాన్ని పలకరించినా తెలుస్తుంది. ఓడ దిగిన తాత పేరే పిల్లలకు ఇంటిపేరైంది. అప్పలస్వామి అనే మనిషి ఉండేవాడు, ఆయన సంతానమంతా 'అప్పల్‌సామీ'లయ్యారు. నాయుడు 'నైడూ' అయింది. మునుస్వామి 'మూన్‌సామీ' అయింది. అసలు ఇంటిపేరు రెండో తరం దాకా నోట నిలిచిందేమో, మూడో తరానికి జారిపోయింది. ఇప్పుడు ఐదో తరం, ఆరో తరం వాళ్ళు వెతుకుతున్నది దానికోసమే.

1860 అక్టోబరు 12న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన మొదటి కూలీల ఓడ అదే. అప్పటి నుంచి 1911 దాకా 384 ప్రయాణాల్లో 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో మూడింట రెండొంతులు మద్రాసు మీదుగా పోయినవాళ్ళు, అంటే తెలుగు, తమిళ జిల్లాల మనుషులు. మారిషస్‌కు వలస అంతకన్నా ముందే, 1834లో మొదలై నాలుగున్నర లక్షల మందిని తీసుకుపోయింది. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు వెళ్ళారు. మద్రాసు నుంచి అక్కడికి ఓడలు బయల్దేరడం మొదలైంది 1903లో. ఐదేళ్ళ ఒప్పందం, అంటే అగ్రిమెంటు. ఆ మాట పలకలేక 'గిర్మిట్' అన్నారు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసిన మనిషి 'గిర్మిటియా' అయ్యాడు.

నేటాల్ జాబితాలను డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో చరిత్రకారిణి జాయ్ బ్రెయిన్, ఆమె తోటివాళ్ళు కూర్చుని ఒక్కో వరసా కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ సమాచారం మీదే చరిత్రకారుడు సురేంద్ర భానా 1991లో పుస్తకం రాశారు. ఇప్పుడవి క్వాజులు-నాటల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ దగ్గర ఉన్నాయి, ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర వలస రిజిస్టర్లతో పాటు కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి. ఫిజీ జాతీయ ఆర్కైవ్స్ దగ్గర ఒక్కో మనిషికి ఒక్కో వలస పాస్ ఉంది. ఇన్ని లక్షల మంది నిరుపేదలను, పేరు పేరునా, మచ్చ మచ్చనా రాసి పెట్టిన దస్తావేజు మన దేశంలో ఆ కాలానిది మరొకటి నాకు కనిపించలేదు. వాళ్ళ మీద ప్రేమతో రాసింది కాదది. పారిపోతే పట్టుకోవడానికి రాసింది. అయినా రాసి ఉంది.

పేరే పటం

ఆ వరసను ముందు పెట్టుకుని కూర్చుంటే మొదట తికమక పెట్టేది ఊరి పేరే. తెలుగు రాని గుమాస్తా, ఇంగ్లీషు రాని మనిషి చెప్పిన మాటను చెవికి విన్నట్టు రాసుకున్నాడు. పైగా ఒక్కో ఊరి పేరు పది చోట్ల ఉంటుంది. కొత్తపేటలెన్ని, రామచంద్రాపురాలెన్ని, అగ్రహారాలెన్ని! ఉత్తరాంధ్రలో 'వలస' అని ముగిసే ఊళ్ళున్నాయి, కొత్తవలస లాంటివి. ఎక్కడి నుంచో వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళు కాబట్టి వాటికా పేరు. అలాంటి ఊరి నుంచి మళ్ళీ వలస పోయిన మనిషి కోసం ఇప్పుడు వెతుకులాట.

ఇక్కడే తెలుగువాళ్ళ సాయం కావాలి. మన పల్లెల్లో పిల్లలకు పెట్టే పేరు దగ్గరలోని దేవుడి పేరు. కాబట్టి మనిషి పేరే ప్రాంతం చెప్పేస్తుంది. అప్పన్న, అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాచలం, సింహాద్రి అని కనిపిస్తే సింహాచలం కొండ కనుచూపు మేరలోని ఊరే అనుకుని మొదలుపెట్టొచ్చు. పైడిరాజు, పైడమ్మ అంటే పైడితల్లి, అంటే విజయనగరం. నూకరాజు, నూకాలు అంటే నూకాలమ్మ, అంటే అనకాపల్లి వైపు. పెంచలయ్య అంటే పెంచలకోన, నెల్లూరు చుట్టుపట్ల. మాలకొండయ్య అయితే కందుకూరు పక్క. ఓబులేసు అయితే అహోబిలం, రాయలసీమ. మునెమ్మ, మునుస్వామి అయితే చిత్తూరు వైపు. డర్బన్‌లో పుట్టి పెరిగిన మునిమనవరాలికి ఈ సంగతి తెలిసే దారి లేదు. ఆమె దృష్టిలో సింహాద్రి వింత స్పెల్లింగున్న ఒక పేరు, అంతే. విశాఖలో కూరగాయలు అమ్మే మనిషికి చూపించినా అది ఏ ఊళ్ళ పేరో క్షణంలో చెబుతాడు.

నైజాం రాజ్యం బ్రిటిష్ మద్రాసులో లేదు కాబట్టి తెలంగాణ వాళ్ళు ఈ ఓడల్లో చాలా తక్కువ. కానీ పేరు చెప్పే గుట్టు అక్కడా అదే. రాజన్న అంటే వేములవాడ, కొమురయ్య అంటే కొమురవెల్లి, యాదగిరి అంటే యాదగిరిగుట్ట. బొంబాయికి, షోలాపూర్‌కు, భీవండికి మగ్గాల మీదికి పోయిన కుటుంబాల మూలాలు వెతికేటప్పుడు ఇదే తాళంచెవి.

జిల్లా పేరును మాత్రం ఎక్కడా యథాతథంగా నమ్మకూడదు. రిజిస్టరులో ఉత్తర ఆర్కాటు అని ఉంటే తమిళనాడు అనుకుని అటు పోయేవాళ్ళు ఎక్కువ. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. నేటాల్‌కు చివరి కూలీల ఓడ చేరింది కూడా 1911లోనే. అందువల్ల చిత్తూరు, చంద్రగిరి పక్క నుంచి వెళ్ళినవాళ్ళంతా ఉత్తర ఆర్కాటు వాళ్ళుగానే దిగారు. గుంటూరు జిల్లా 1859 నుంచి 1904 దాకా విడిగా లేదు. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి, అంతకు ముందు రాసిన కాగితం ఆ ఊళ్ళను విశాఖపట్నం, గంజాం అంటుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలైంది కాబట్టి ఇవాళ్టి గూగుల్ మ్యాప్‌కూ ఆనాటి గడికీ మధ్య మూడు నాలుగు సరిహద్దులు మారి ఉంటాయి. కార్మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్ 1869 నాటిది. ఇలాంటి పాత మాన్యువళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు పాత తాలూకా ఏదో అందులో పట్టుకుని, ఆ తర్వాతే ఊరి జోలికి పోవడం మంచిది.

ఈ జాబితాల్లో నన్ను ఎక్కువసేపు ఆపేసేది ఆడవాళ్ళ వరసలు. వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలన్నది వలస నిబంధన. వెళ్ళిన ప్రతి స్త్రీకీ విడిగా ఒక నంబరు, తన పేరు, తన తండ్రి పేరు, తన ఊరు. భర్త వరసలో కలిపి రాయలేదు. అదే కాలంలో మన ఊరి కాగితాల్లో చూడండి. పట్టా మగవాడి పేరు మీద. శిస్తు రసీదు మగవాడి పేరు మీద. ముత్తాత అన్నదమ్ములు నలుగురి పేర్లూ గడగడా చెప్పేవాళ్ళను ముత్తమ్మమ్మ పుట్టింటి పేరు అడిగి చూడండి. కూలికి ఓడెక్కిన అప్పలమ్మ తండ్రి ఎవరో కాగితం చెబుతోంది. ఊళ్ళో మేడ ఉన్న ఇంటి కోడలి తండ్రి ఎవరో మాత్రం ఎక్కడా లేదు.

ఈ ఒడ్డున ఏమున్నాయి

ఓడ జాబితా ఊరి దాకా తెచ్చి వదిలేస్తుంది. ఊరి నుంచి ఇంటిపేరు దాకా వెళ్ళాలంటే మన రికార్డులు కావాలి. అమెరికాలో ఉన్న పిల్లల కోసం వంశవృక్షం గీసుకోవాలనుకునే హైదరాబాదు తాతయ్యకూ ఇవే ఆధారం.

భూమి కాగితాలతో మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి ఇవాళ్టి పట్టాదారును చూపిస్తాయి. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, అంతకు ముందువాటికి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాలి. ఇంకా వెనక్కి పోతే పాత సర్వే రిజిస్టర్లున్నాయి: కోస్తాలో ఆర్ఎస్ఆర్, తెలంగాణలో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. వీటిలో సంవత్సరం ఫసలీలో ఉంటే భయపడనక్కర్లేదు, 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది.

వంశం వెతికేవాడికి అన్నిటికన్నా విలువైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు అని నా అభిప్రాయం. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. శిస్తు లేని మాన్యం అనుభవిస్తున్న ప్రతి ఒక్కరినీ ఎప్పటి నుంచి, ఎవరిచ్చారు, మొదట పుచ్చుకున్నవాడు ఎవరు, అతనికి నువ్వేమవుతావు అని అడిగి రాసుకున్నారు. అంటే అది భూమి రికార్డు రూపంలో ఉన్న వంశావళి. అది అగ్రహారాల బ్రాహ్మణులదే అనుకుంటారు చాలామంది. అలా కాదు. ఊరి మంగలికి, చాకలికి, వడ్రంగికి, తలారికి, వెట్టికి కూడా సేవ మాన్యాలుండేవి. రాజుల చరిత్రలో ఎన్నడూ కనిపించని ఆ ఇళ్ళ పెద్దల పేర్లు అందులో ఉన్నాయి. కలెక్టరేట్ రికార్డు గదుల్లోనూ రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ ఉన్న ఆ రిజిస్టర్లను స్కాన్ చేసి, పేరు కొడితే దొరికేలా పెడితే తెలుగువాళ్ళ ఇళ్ళకు అంతకన్నా పెద్ద కానుక ఉండదు.

ఉత్తరాంధ్రకు మాత్రం ఒక కష్టముంది. అక్కడ చాలా ఊళ్ళు జమీందారీలవి. రైతు పేరు ప్రభుత్వ రిజిస్టరులో కాదు, జమీందారు దివాణంలో ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక గానీ సర్కారు వచ్చి పొలం పొలం కొలిచి పేర్లు రాసుకోలేదు. ఓడలకు ఎక్కువ మందిని పంపిన ఊళ్ళలోనే పాత కాగితం పలచగా ఉంది. అలాంటి చోట కరణాల ఇళ్ళే దిక్కు. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు కొన్ని కట్టలు ఆఫీసుకు చేరకుండా భోషాణాల్లోనే ఉండిపోయాయి. అవి గొలుసుకట్టు రాతలో ఉంటాయి. అక్షరానికి అక్షరం తగిలించి, కలం ఎత్తకుండా రాసే ఆ రాతను చదవగలిగినవాళ్ళు ఊరికి ఒక్కరు కూడా మిగల్లేదు. మీ ఊళ్ళో అలాంటి పెద్దాయన ఉంటే ఆయన దగ్గర కూర్చుని నాలుగు పేజీలు చదివించుకుని రికార్డు చేయండి. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ రేపెప్పుడో తయారైనా, నేర్పడానికి ఆ నాలుగు పేజీలే కావాలి.

ఊరి చరిత్రకు కైఫియత్తులున్నాయి. సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి రాయించి తెచ్చినవి. జిల్లాల వారీగా అచ్చయిన సంపుటాలున్నాయి. అందులో మీ తాత పేరు ఉండకపోవచ్చు. మీ ఊరు ఎప్పుడు పాడుపడిందో, ఎవరొచ్చి మళ్ళీ కట్టారో ఉంటుంది. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కదా. పైగా ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఆ ఇంటిపేరు రాదు. ఊరు వదిలి వచ్చినవాళ్ళనే, ఫలానా ఊరివాళ్ళు అని, కొత్త ఊరివాళ్ళు పిలుస్తారు. కాబట్టి ఇంటిపేరు అంటే వంశం వదిలి వచ్చిన చిరునామా. ఆ ఊరి కైఫియత్తు చదివితే ఎందుకు వదిలి వచ్చారో ఒక్కోసారి తెలుస్తుంది.

భూమీ మాన్యమూ లేని ఇళ్ళ మాటేమిటి? దళిత కుటుంబాల్లో చాలామందికి తొలిసారి పేరు రాసుకున్న పుస్తకం చర్చి రిజిస్టరు. ధాత కరువు ముగిశాక, 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గుంటూరులో లూథరన్లు 1842 నుంచీ ఉన్నారు. మిషన్ల చిట్టాలు, ఉత్తరాలు, నివేదికలు కొన్ని ఇక్కడి చర్చిల్లో, కొన్ని అమెరికాలో అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ లాంటి చోట్ల ఉన్నాయి. ఫ్యామిలీసెర్చ్‌లో కూడా భారతదేశపు చర్చి రికార్డులు చాలా ఉన్నాయి. అది మోర్మన్ చర్చి నడిపే సంస్థ, ఖాతా తెరవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. హరిద్వార్ పండాల వంశావళి పుస్తకాలైన బహీలను 1970ల నుంచి ఫిలిం తీసిందీ వీళ్ళే.

నోటి రిజిస్టర్లు

కాగితం కన్నా ముందు మనకు మనుషులున్నారు. రెడ్లు, కాపులు మొదలైన సేద్యపు కులాల ఇళ్ళకు వంశరాజులు, పద్మశాలీలకు సాధనాశూరులు, వైశ్యులకు వీరముష్టివారు, మాదిగలకు డక్కలివారు. ఇవన్నీ ఆశ్రిత కులాలు. ఒక్కో కుటుంబానికి ఇన్ని ఊళ్ళని హక్కు. ఏడాదికో రెండేళ్ళకో ఊరికి వచ్చి, కథ చెప్పి, ఇంటింటి గోత్రం, ఇంటిపేరు, పెద్దల పేర్లు పొగడి, కొత్తగా పుట్టినవాళ్ళను కలుపుకుని, త్యాగం పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు. డర్బన్ మనవరాలు పోగొట్టుకున్న ఇంటిపేరు ఎక్కడైనా మిగిలి ఉందంటే ఇలాంటి నోళ్ళలోనే ఉండాలి. ఆ కథకుల పిల్లలు ఇప్పుడు ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతున్నారు, ఆటోలు నడుపుతున్నారు. అరవై దాటినవాళ్ళకు తప్ప ఆ పాఠం రాదు. వాళ్ళను పిలిచి, పూర్వంలాగే మర్యాదగా కూర్చోబెట్టి, ఇవ్వవలసింది ఇచ్చి చెప్పించుకోవాలి. ఫోన్ ముందు పెట్టి ఊరికే చెప్పమనడం వాళ్ళ విద్యను తక్కువ చేయడమే.

ఇంట్లో కాగితం మీద చెట్టు గీసేటప్పుడు మనవాళ్ళకు ఒక చిక్కొస్తుంది. విదేశీ యాప్‌లు చెట్టు కొమ్మలు విడిపోతూ పోతాయనుకుని తయారుచేసినవి. మన మేనరికాల్లో కొమ్మలు వెనక్కి వచ్చి కలుస్తాయి. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి పిల్లలకు అమ్మమ్మా అవుతుంది, మేనత్తా అవుతుంది. ఒక మనిషిని రెండుసార్లు ఎక్కించకుండా, ఒకే పేరును రెండు బంధాలతో కలపడం నేర్చుకోవాలి. ఉచితంగా దొరికే గ్రాంప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది కుదురుతుంది, పైగా అది మన కంప్యూటర్‌లోనే ఉంటుంది.

ఉమ్మి పంపించి మూలాలు తెలుసుకునే డీఎన్ఏ పరీక్షల విషయంలో కూడా ఈ దగ్గరి పెళ్ళిళ్ళ వల్లే జాగ్రత్త కావాలి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2017లో వచ్చిన ఒక అధ్యయనం దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించి, తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినవని తేలింది. అలాంటి చోట పరీక్ష రాగానే వందల మంది 'దూరపు చుట్టాలు' కనబడతారు. వాళ్ళలో నిజంగా నాలుగు తరాల్లోపు కలిసేది ఎవరో కాగితం చూస్తే తప్ప తేలదు. ఇలాంటి పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. మన రక్తం గురించిన సమాచారం మనదొక్కళ్ళదే కాదు, మన తోబుట్టువులదీ పిల్లలదీ కూడా. వాళ్ళను అడక్కుండా పంపకూడదనే నేనంటాను. ఆన్‌లైన్ చెట్టులో బతికున్నవాళ్ళ పుట్టినరోజులు, అమ్మ పుట్టింటి పేరు పెట్టకండి. బ్యాంకులు రహస్య ప్రశ్నగా అడిగేది అదే.

ఈమధ్య వచ్చిన మార్పుల్లో రెండు మంచివి, ఒకటి హెచ్చరిక. ఫ్యామిలీసెర్చ్ పాత చేతిరాత పత్రాలను కంప్యూటర్ చేత చదివించి, లోపలి ప్రతి మాటా వెతికే సదుపాయం తెచ్చింది. ఇన్నాళ్ళూ సూచికలో ఉన్న పేరే దొరికేది, ఇప్పుడు సాక్షి సంతకం పెట్టినవాడి పేరు కూడా దొరకొచ్చు. రెండోది, మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడే ప్రకటించారు. దాంతో ముత్తాత ఓడ కాగితం కుటుంబ జ్ఞాపకం మాత్రమే కాదు, చట్టం ముందు రుజువు కూడా అయింది. హెచ్చరిక లండన్ నుంచి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే ఇండియా ఆఫీసు రికార్డులను వెతికే సదుపాయం సహా ఎన్నో సేవలు నెలల తరబడి ఆగిపోయాయి. తెర మీద ఇవాళ కనిపించిన పేజీ రేపు ఉండకపోవచ్చు. దొరికిన వెంటనే దించుకోండి, అచ్చు తీసి ఇనప్పెట్టెలో పెట్టండి.

ఇన్ని చెప్పాక, ఏ జాబితాలోనూ లేనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. మా నాయనమ్మ తమ్ముడు రంగం వెళ్ళాడు. ఉత్తరాంధ్రలో రంగూన్‌ను రంగం అంటారు. విశాఖపట్నం, కాకినాడ, కళింగపట్నం రేవుల నుంచి ఏటా వేలమంది బియ్యం మిల్లులకు, ఓడరేవు పనులకు పోయేవారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. వాళ్ళను తీసుకుపోయింది మేస్త్రీలు. గిర్మిట్ లేదు, నంబరు లేదు, ఎత్తు కొలిచినవాడు లేడు. అప్పు పద్దు మేస్త్రీ సంచిలో ఉండేది, అతనితోనే పోయింది. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు దాటుకుంటూ లక్షల మంది నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ పేరు పేరునా రాయలేదు.

నాయనమ్మ ఎప్పుడూ ఒకే మాట చెప్పేది, "రంగమెల్లిపోనాడు, మరి రానేదు" అని. అతని పేరు సింహాద్రి. కుడి మోచేతి మీద కాలిన మచ్చ ఉండేదట, చిన్నప్పుడు బెల్లం వండే పొయ్యి మీద పడి. వెళ్ళింది పెళ్ళయిన మరుసటేడు. ఓడ జాబితాలు చూస్తూ చూస్తూ ఒకరోజు నేనే ఒక కాగితం మీద గళ్ళు గీశాను. పేరు, తండ్రి పేరు, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తు. చివర ఇంటిపేరుకు ఒక గడి కూడా గీశాను. నంబరు గడి ఒక్కటే ఖాళీగా ఉంది. అతని ఊళ్ళో రంగం వెళ్ళి తిరిగొచ్చిన కుటుంబం ఒకటుందని, వాళ్ళ ఇంట్లో ముసలావిడకు తొంభై దాటాయని విన్నాను. ఆ కాగితం పట్టుకుని వచ్చే ఆదివారం వెళ్తున్నాను.